కందిరీగల పద్దు

హైదరాబాద్ కృష్ణానగర్‌లో మా డాబా మీద రెండు మందారం కుండీలున్నాయి. ఎండలు ముదిరే రోజుల్లో వాటి చిగుళ్ళకు పిండినల్లి పడుతుంది. చిగురు ముడుచుకుపోయి, పైన తెల్లగా పిండి చల్లినట్టవుతుంది. పేటలో ఏ డాబా ఎక్కి చూసినా ఇదే సంగతి. కొందరు సబ్బునీళ్ళు కొడతారు, కొందరు నర్సరీలో ఇచ్చిన మందు కొడతారు. పోయిన వేసవిలో నేనూ మందు సీసా పట్టుకుని వెళ్ళాను. కొట్టేముందు ఎందుకో ఒక చిగురు తుంచి భూతద్దం కింద పెట్టి చూశాను.

అన్నీ తెల్లగా లేవు. మధ్యమధ్య కొన్ని నల్లులు గోధుమరంగుకు తిరిగి, ఉబ్బి, గట్టిపడి, చిన్న పీపాల్లా ఉన్నాయి. వాటిలో చాలావాటికి ఒక కొసన సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రం ఉంది. లోపల డొల్ల. రంధ్రం పడనివి నాలుగు ఏరి గాజుసీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి నీడలో ఉంచాను. ఐదో రోజు పొద్దున సీసా గోడ మీద మూడు నల్లటి ప్రాణులు మీసాలాడిస్తూ పాకుతున్నాయి. ఒక్కొక్కటి పొడవులో రెండు మిల్లీమీటర్లు దాటదు. అవి కందిరీగలు.

మందు కొట్టడం మానేశాను. నేను చెయ్యబోయిన పనిని నాకంటే శ్రద్ధగా చేస్తున్నవాళ్ళు అప్పటికే ఆ మొక్క మీద ఉన్నారు. అయితే ఒక ప్రశ్న మిగిలింది. వీటి పేరేమిటి? ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కునే పుస్తకాలు మన దేశంలో ఎలా తయారయ్యాయో, ఎన్ని చేతులు మారాయో, ఎన్ని తప్పులు దిద్దుకుంటూ వచ్చాయో చెప్పుకోవాలి. ఆ కథకు మన వరిచేలతోనూ, మన బొప్పాయితోటలతోనూ దగ్గరి చుట్టరికం ఉంది.

కందిరీగ అనగానే మనకు చూరు కింద వేలాడే గూడు, కుడితే బుస్సున పొంగే చెయ్యి గుర్తొస్తాయి. కానీ కందిరీగల జాతుల్లో గూడు కట్టి గుంపుగా బతికేవి కొద్దివే. ఎక్కువ జాతులు ఒంటరివి, చిన్నవి. మనిషిని కుట్టాల్సిన పని వాటికి లేదు. తల్లి కందిరీగ వేరే పురుగును వెతికి పట్టి, దాని ఒంట్లోనో ఒంటిమీదో గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగునే తింటూ పెరిగి, చివరికి దాన్ని చంపి, రెక్కలు తొడుక్కుని బయటికొస్తుంది. వీటిని పరాన్నజీవి కందిరీగలు అంటున్నాం. పేను, జలగ కూడా పరాన్నజీవులే గాని, అవి తిండి పెట్టినవాడి ప్రాణం తియ్యవు. ఇవి తీస్తాయి. అందుకే పైరు పండించేవాళ్ళకు ఇవి మిత్రపురుగులయ్యాయి.

ఈ సంగతి మన పెద్దలు చూడకపోలేదు. భ్రమరకీటక న్యాయం అని మనం తరచు వాడే మాట ఒకటుంది. కందిరీగ ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి మూసేస్తుంది. కొన్నాళ్ళకు ఆ గూట్లోంచి మరో కందిరీగ వస్తుంది. కందిరీగనే తలుచుకుంటూ తలుచుకుంటూ పురుగు కందిరీగ అయిపోయిందని దానికి వేదాంతులు అర్థం చెప్పారు. ఇందులో చూపు తప్పు కాదు. లోపలికి పురుగు వెళ్ళడం నిజం, బయటికి కందిరీగ రావడం నిజం. మధ్యలో గోడ వెనక జరిగింది మాత్రం వేరు. పురుగు మీద తల్లి పెట్టిన గుడ్డు పిల్లయి, ఆ పురుగును తిని పెరిగింది. మట్టిగూడు కట్టే కందిరీగలు, మా మందారం మీది చిన్నవి ఒక వర్గానివి కావు గాని, బతుకుతెరువు చాలావరకు ఒకటే.

మేడిపండు సంగతీ అంతే. పైకి నిగనిగలాడుతూ పొట్టలో పురుగులుంటాయని వేమన చెప్పిన తర్వాత మేడిపండు కపటానికి గుర్తయిపోయింది. ఆ పురుగుల్లో ముఖ్యమైనది సెరటోసోలెన్ ఫుసిసెప్స్ అనే బుల్లి కందిరీగ. 1885లో గుస్టావ్ మాయర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దానికి ఆ పేరు పెట్టాడు. అది లోపలికి పుప్పొడి మోసుకెళ్ళకపోతే మేడిచెట్టుకు గింజ కట్టదు. అదే కాయ గోడను బయటి నుంచి పొడవాటి సూదిలాంటి అవయవంతో పొడిచి, లోపలి కందిరీగ పిల్లల మీద గుడ్లు పెట్టే వేరే కందిరీగలు కూడా ఉన్నాయి. మేడిపండు చీలిస్తే కనిపించేది పాపం కాదు, పలు జాతుల సంసారం. పేర్లు తెలిస్తేనే ఎవరు కాపరో ఎవరు దోపిడీదారో విడదీయగలం.

ఇక పేరు. పేరు పడడమంటే ఏమిటో కృష్ణానగర్‌లో ఉండేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దున్నే షూటింగ్ బస్సు కోసం రోడ్డు మీద నిలబడే జూనియర్ ఆర్టిస్టు, లైట్‌బాయ్, డాన్సర్ ఎన్నో సినిమాల్లో పనిచేసి ఉంటారు. తెర మీద కనిపిస్తారు, టైటిల్స్‌లో మాత్రం పేరుండదు. పేరు లేకపోతే చేసిన పని ఎవరి ఖాతాలోనూ జమ కాదు. పురుగుకూ అంతే. ఒక కందిరీగ ఏ పురుగును తింటుంది, ఎన్ని గుడ్లు పెడుతుంది, ఎండకు తట్టుకుంటుందా అని ఒకరు పదేళ్ళు శ్రమపడి రాసినా, ఆ రాత ఏ పేరు కింద దాచాలో తెలియకపోతే మరొకరికి దొరకదు. తప్పు పేరు కింద దాచితే ఇంకా నష్టం. వేరే పురుగు గుణాలు దీనికి అంటగడతాం.

అందుకే జంతువుల పేర్లకు కట్టుదిట్టమైన చట్టం ఉంది. లిన్నేయస్ 1758లో వేసిన పుస్తకం నుంచి లెక్క మొదలు. పేరులో రెండు మాటలు: మొదటిది ఇంటిపేరు లాంటిది, రెండోది ఆ జాతికి సొంతం. వాటి వెనక ఆ పేరు పెట్టినవారి పేరు, సంవత్సరం రాస్తారు. ఒకే జాతికి ఇద్దరు వేర్వేరు పేర్లు పెడితే ముందు పెట్టిన పేరుదే హక్కు, రెండోది రద్దు. కొత్త పేరు పెట్టేవారు దానికి ఆధారమైన ఒక పురుగును మూల నమూనాగా గుర్తు పెట్టి మ్యూజియంలో దాచాలి. నూరేళ్ళ తర్వాత సందేహం వస్తే ఎవరైనా వెళ్ళి ఆ పురుగునే చూడాలి. వర్ణన ఎంత బాగా రాసినా చివరి సాక్షి ఆ ఒక్క పురుగే.

కేటలాగు అంటే పేర్ల జాబితా అనుకుంటాం. నా లెక్కలో అది పద్దు పుస్తకం. ఒక్కో జాతి కింద చెల్లుబాటయ్యే పేరు, రద్దయిన పేర్లు, ఎవరు ఎక్కడ ఏ పేజీలో రాశారు, మూల నమూనా ఏ ఊరిది, ఇప్పుడు ఏ మ్యూజియంలో ఉంది, ఏ పురుగుల మీద బతుకుతుంది, ఎక్కడెక్కడ దొరికింది అన్నీ ఉంటాయి. అది తయారుచేసేవారు అంతకుముందు వచ్చిన ప్రతి కాగితాన్నీ తిరగెయ్యాలి. పేరు ప్రఖ్యాతులు తెచ్చే పని కాదు. అది లేకుండా మాత్రం తర్వాతివారు అడుగు వెయ్యలేరు.

మన దేశపు పద్దు మొదట పరాయిదేశంలో తెరిచారు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో 1880ల చివర ఇ.సి. కోట్స్ అనే ఉద్యోగి ఉండేవాడు. దేశం నలుమూలల నుంచి పైరు తెగుళ్ళ గురించి ఉత్తరాలు, సీసాల్లో పురుగులు ఆయన బల్ల మీదికొచ్చేవి. అందులో కందిరీగలను ఇంగ్లండులోని పీటర్ కామెరాన్‌కు పంపేవాడు. కామెరాన్ వాటిని చూసి వర్ణించి మాంచెస్టర్ పండితసభ సంచికల్లో అచ్చు వేసేవాడు. బారక్‌పూర్ నుంచి రాత్నీ అనే మరో సేకర్త పంపినవీ ఆయన చేతికే చేరాయి. కామెరాన్ విపరీతంగా రాశాడు, తొందరగా రాశాడు. చాలా వర్ణనలు చదివి పురుగును గుర్తుపట్టడం అసాధ్యమని తర్వాతివాళ్ళు వాపోయారు. అయినా 1891లో ఆయన పెట్టిన రెండు పేర్ల దగ్గర మనం ఆగాలి.

ఒకటి ప్లాటిగాస్టర్ ఒరైజే. ఒరైజే అంటే వరిది అని. మన రైతుకు ఉల్లికోడు బాగా తెలుసు. వరి పిలక కంకి వెయ్యకుండా ఉల్లికాడలా గుండ్రటి తెల్లటి గొట్టమైపోతుంది. దోమంత ఉండే ఒక ఈగ పిల్ల పిలక మొదట్లో కూర్చుని చేసే పని అది. ఉల్లికోడును తట్టుకునే వరి రకాల కోసం వరంగల్ వ్యవసాయ పరిశోధన స్థానం ఏళ్ళ తరబడి పనిచేసి పేరు తెచ్చుకుంది. రైతు కంటికి కనపడకుండా అదే పని మీద ఉన్నది ప్లాటిగాస్టర్. ఇది ఉల్లికోడు ఈగ సంతానంలో ఒక గుడ్డు పెడితే, ఆ గుడ్డు లోపల విడిపోయి పదుల కొద్దీ పిల్లలవుతుంది. పిలక చీల్చి చూస్తే ఈగ పిల్ల చర్మం ఒక సంచిలా మారి, లోపల ధాన్యపు గింజలు కూరినట్టు కందిరీగ ప్యూపాలు కనిపిస్తాయి. పంటకాలం చివరికొచ్చేసరికి ఈగ పిల్లల్లో పెద్ద భాగం వీటి వాత పడుతుంది. అప్పటికి ఈ పంటకు జరగాల్సిన నష్టం జరిగిపోతుందన్నది బాధాకరమైన నిజం. వచ్చే పంట మీదికి దూకే ఈగల సంఖ్య మాత్రం తగ్గుతుంది.

రెండో పేరు కొటీసియా. పసుపు కాళ్ళున్న ఒక చిన్న కందిరీగకు కొత్త ఇంటిపేరు కావలసివస్తే, కామెరాన్ తనకు సీసాలు పంపిన కోట్స్ పేరు మీదనే దాన్ని కట్టి కొటీసియా ఫ్లావిపెస్ అన్నాడు. జొన్న, మొక్కజొన్న, చెరకు కాండం తొలిచే పురుగుల ఒంట్లో ఇది గుంపుగా పెరుగుతుంది. బయటికొచ్చాక తెల్లటి దూదిగింజల్లాంటి గూళ్ళు అల్లుతుంది. కామెరాన్ మాటను తర్వాతివాళ్ళు ఒప్పుకోలేదు. ఇది అపాంటిలిస్ అనే పెద్ద ఇంటిపేరు కిందిదేనని కలిపేశారు. కొటీసియా పద్దులో రద్దుల కిందికి పోయింది. 90 ఏళ్ళ తర్వాత, 1981లో, కెనడాకు చెందిన డబ్ల్యూ.ఆర్.ఎం. మేసన్ అపాంటిలిస్‌ను మళ్ళీ శల్యపరీక్ష చేసి, అది ఒక ఇంటిపేరు కాదు, అనేక ఇంటిపేర్ల కలగూరగంప అని తేల్చాడు. కొటీసియా తిరిగి లేచింది. ఈనాడు ప్రపంచమంతటా వందల జాతులు ఆ ఇంటిపేరుతో ఉన్నాయి. ఆసియా నుంచి ఆఫ్రికా వెళ్ళి అక్కడి మొక్కజొన్నను తొలిచేస్తున్న పురుగు మీదికి ఇదే కొటీసియా ఫ్లావిపెస్‌ను పాకిస్తాన్ నుంచి తీసుకెళ్ళి 1993లో కెన్యా తీరంలో వదిలారు. అక్కడ నిలదొక్కుకుంది. ఇంత జరిగిందంటే మొదట ఎవరో ఒక సీసా మూత బిగించి కలకత్తాకు పంపడం వల్ల.

బ్రిటిష్ ఇండియా జంతుజాలం అనే పుస్తకమాలలో బింగ్‌హామ్ 1897లో కందిరీగలు, తేనెటీగల సంపుటం, 1903లో చీమల సంపుటం రాశాడు. పరాన్నజీవి కందిరీగల్లో పెద్దవైన ఇక్న్యూమన్ల సంపుటం 1913లో క్లాడ్ మోర్లీ రాశాడు. ఆయన ఇంగ్లండులోని సఫోక్‌లో ఉండేవాడు. పురుగులు లండన్ మ్యూజియంలో, పుస్తకం లండన్‌లో. అవి పట్టుకున్న కొండల్లో, చేలల్లో ఉండేవాడికి తన ఊరి పురుగు పేరు తెలియాలంటే ఓడ ఎక్కాలి. అప్పటి పరిస్థితి అది.

ఇది మారడం మొదలైంది పైరు తెగుళ్ళ మీద పనిచేసే ఉద్యోగుల వల్ల. 1905లో బీహార్‌లోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ పెట్టారు. మద్రాసు ప్రభుత్వం తరఫున కోయంబత్తూరులో టి.వి. రామకృష్ణ అయ్యర్ వంటివారు పురుగులను పెంచి, వాటిలోంచి వచ్చే కందిరీగలను ఏరి దాచారు. ఈ ‘పెంచి ఏరడం’ చిన్న మాట కాదు. వలలో పడిన కందిరీగకు చిరునామా మాత్రమే ఉంటుంది. పురుగులోంచి వచ్చిన కందిరీగకు వృత్తి కూడా తెలుస్తుంది. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలున్నాయి గనక మన పైర్ల సమాచారం కూడా ఆ రాతల్లో చేరింది.

1938లో ఎం.ఎస్. మణి భారతదేశపు కాల్సిడ్ కందిరీగల కేటలాగు వేశాడు. కాల్సిడ్లంటే మా మందారం మీది కందిరీగల వంటి బుల్లివి, ఒంటిమీద లోహపు మెరుపున్నవి చాలా వీటిలోనే ఉంటాయి. మణి 1908లో పుట్టాడు, అంటే అప్పటికి 30 ఏళ్ళు. అంతవరకు ఎన్నో దేశాల పత్రికల్లో చెల్లాచెదురుగా పడివున్న పేర్లను ఆయన ఒక్క చోటికి చేర్చాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చేది దీని తర్వాతి అంకం. అదే మణి, ఆగ్రాలో కీటకశాస్త్ర విద్యార్థుల తరాన్ని తయారుచేసి, హిమాలయాల మీది కీటకాల గురించి, మొక్కల బుడిపెల గురించి పెద్ద గ్రంథాలు రాసి, 1989లో మళ్ళీ కాల్సిడ్ల దగ్గరికొచ్చాడు. భారత జంతుశాస్త్ర సర్వే అచ్చువేసిన ఆ రెండు భాగాలు కలిపి వెయ్యిన్నర పేజీలు దాటాయి. మొదటి పద్దుకూ రెండో పద్దుకూ మధ్య 51 ఏళ్ళు.

ఆ రెండు పద్దుల మధ్యకాలంలో మిగతావాళ్ళూ ఊరుకోలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన వి.కె. గుప్తా అమెరికాలోని టౌన్స్ దంపతులతో కలిసి 1961లో ఇండో-ఆస్ట్రేలియా ప్రాంతపు ఇక్న్యూమన్ల కేటలాగు వేశాడు. మోర్లీ, కామెరాన్ పెట్టిన పేర్లను మూల నమూనాలతో సరిచూసి సర్దిన పుస్తకమది. అలీగఢ్‌లో మష్‌హూద్ ఆలమ్ దగ్గర మొదలైన పాఠశాల మహమ్మద్ హయాత్ వరకు పాకింది. బి.ఆర్. సుబ్బారావు ఢిల్లీ వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసి, లండన్‌లోని కామన్వెల్త్ కీటకశాస్త్ర సంస్థకు వెళ్ళాడు. అంటే మన మూల నమూనాలున్న బీరువాల పక్కనే ఆయన కుర్చీ. సుబ్బారావు, హయాత్ కలిసి 1985లో కాల్సిడ్ల కుటుంబాలను గుర్తుపట్టే తాళంచెవుల వంటి పట్టికలు, 1986లో 430 పేజీల కేటలాగు వెలువరించారు. ఆ తాళంచెవి చాలా ముఖ్యం. కేటలాగు ఒక్కటే ఉంటే, పేరు తెలిసినవాడికే అది పనికొస్తుంది. చేతిలో పురుగు పట్టుకుని ‘మీసంలో ఎన్ని కణుపులు, రెక్కలో ఈ గీత ఉందా లేదా’ అని ఒక్కో మెట్టు దిగుతూ పేరు దాకా చేరడానికి పట్టిక కావాలి. కేరళలో కాలికట్ విశ్వవిద్యాలయంలో టి.సి. నరేంద్రన్ మరో పాఠశాల నిలబెట్టాడు. పసుపు పళ్ళెంలో సబ్బునీళ్ళు పోసి గట్టు మీద పెట్టడం, వలతో గడ్డి దులపడం, ఆ వలలో పడ్డ చెత్తంతా సూక్ష్మదర్శిని కింద గంటల తరబడి ఏరడం ఆ విద్యార్థుల దినచర్య.

ఇవన్నీ పండితుల సొంత గోల అనుకునేవారికి ట్రైకోగ్రామా అనే కందిరీగ సంగతి చెప్పాలి.

చెరకు పండించేవారికి పీకపురుగు తెలుసు, ట్రైకోకార్డు కూడా తెలుసు. బియ్యం పురుగు గుడ్లను కార్డుకు అంటించి, వాటి మీదికి ట్రైకోగ్రామాను వదిలితే అది ఆ గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. గుడ్లు నల్లబడతాయి. ఆ కార్డును ముక్కలు చేసి ఆకుల వెనక గుచ్చితే, బయటికొచ్చిన కందిరీగలు పీకపురుగు గుడ్లను వెతుక్కుంటూ పోతాయి. ఒక్కోటి అర మిల్లీమీటరు. మన దేశంలో వీటిని చేలల్లో వదలడం స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది. కానీ వదులుతున్నది ఏ జాతి? మొదట మైన్యూటమ్ అన్నారు, ఎవనెసెన్స్ అన్నారు, తర్వాత చాలాకాలం ఆస్ట్రాలికమ్ అన్నారు. ఆడపురుగులు చూడ్డానికి అన్నీ ఒకటే. రంగు చూద్దామంటే చలికి ఒక రంగు, ఎండకు ఒక రంగు. ఒక ప్రయోగశాలలో పనిచేసింది మరో చోట పనిచెయ్యకపోతే తప్పు కందిరీగదో, మనిషిదో, వాతావరణానిదో తెలిసేది కాదు.

బెంగళూరులో కామన్వెల్త్ జీవనియంత్రణ సంస్థ కేంద్రంలో పనిచేసిన సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ ఈ ముడి విప్పారు. మగపురుగు జననాంగాల నిర్మాణం చూస్తే జాతులు స్పష్టంగా విడిపోతాయని 1971లో వాళ్ళు అచ్చువేసిన పత్రం ప్రపంచమంతటా ట్రైకోగ్రామా గుర్తింపునకు దారి చూపింది. అర మిల్లీమీటరు పురుగులో ఆ అవయవాన్ని గాజుపలక మీద పరిచి చూడాలంటే చేతికి ఎంత నిలకడ కావాలో ఊహించండి. మనం ఆస్ట్రాలికమ్ అని పిలుస్తూ వచ్చినది నిజానికి జపాన్‌లో ఇషీ 1941లో పేరు పెట్టిన కైలోనిస్ అని చివరికి తేలింది. ఈనాడు చెరకు రైతు కొనే కార్డు మీద రాసి ఉండేది ఆ పేరే. దేశంలోని పత్తి, వరి, చెరకు చేలల్లో దశాబ్దాల ప్రయోగాల ఫలితాలను తిరిగి సరైన పేరు కిందికి మార్చుకోవలసి వచ్చింది.

మరో రెండు సంగతులు నా మందారం కుండీకి దగ్గరివి.

2000ల నడుమ పత్తి మీద కొత్త పిండినల్లి విరుచుకుపడింది. దాని స్వస్థలం అమెరికా. 1898లో టిన్స్‌లీ దానికి ఫెనకాకస్ సొలినాప్సిస్ అని పేరు పెట్టాడు. పంజాబ్, గుజరాత్‌లలో రైతులు మందు మీద మందు కొట్టారు. కొద్ది కాలానికే చేలల్లో ఒక నల్ల కందిరీగ కనిపించి, నల్లులను గోధుమరంగు పీపాలు చెయ్యడం మొదలుపెట్టింది. ఎవరూ తెప్పించలేదు. అలీగఢ్‌లో హయాత్ దాన్ని పరిశీలించి 2009లో ఏనేసియస్ బంబావాలై అని కొత్త పేరు పెట్టాడు. ఆ పేరుతో ఎన్నో పరిశోధనపత్రాలు వచ్చాయి. 2014లో ఇరాన్ శాస్త్రవేత్తల బృందం పాత నమూనాలతో పోల్చి, ఇది 1915లో జిరాల్ట్ అరిజోనా నుంచి వర్ణించిన ఏనేసియస్ అరిజోనెన్సిస్ తప్ప మరొకటి కాదని చూపింది. ముందు పెట్టిన పేరుదే హక్కు గనక 2009 పేరు రద్దయింది. ఇందులో ఎవరి ప్రతిష్ఠకూ భంగం లేదు. పేరు సరిపోగానే కథ కూడా సరిపోయింది: నల్లి ఏ ఖండానిదో దాని శత్రువూ ఆ ఖండానిదే, పిలవకుండానే దాని వెంట వచ్చింది.

బొప్పాయి పిండినల్లి విషయంలో అలా జరగలేదు. అది 2008లో కోయంబత్తూరులో బయటపడి, బొప్పాయిని, మల్బరీని, కర్రపెండలాన్ని ఎండబెడుతూ చుట్టుపక్కల రాష్ట్రాలకు పాకింది. మందులకు లొంగలేదు. దాన్ని తినే కందిరీగ ఇక్కడ లేదు. అయితే 2003లోనే నాయిస్, షాఫ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అసిరోఫేగస్ పపాయే అని ఆ కందిరీగకు పేరు పెట్టి వర్ణన రాసి ఉంచారు. ఏది తెప్పించాలో ముందే తెలుసు గనక, 2010లో ప్యూర్టోరికో నుంచి దాన్ని బెంగళూరుకు తెప్పించి, పరీక్షించి, పెంచి, తోటల్లో వదిలారు. కొద్ది నెలల్లో పిండినల్లి దిగివచ్చింది. పేరు పెట్టి దాచిన ఏడేళ్ళకు ఆ పద్దు అక్కరకొచ్చింది. తోటల్లో మందు కొట్టేవాళ్ళ ఊపిరితిత్తులకు ఆ మేరకు విశ్రాంతి దొరికింది. ఈ లాభాన్ని లెక్క కట్టినవాళ్ళు తక్కువ. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే పెద్దదనిపిస్తుంది.

ప్రపంచంలో ఇప్పటికి పేరు పడిన కాల్సిడ్లు 22,000కు పైనే. ఇక్న్యూమన్లు దాదాపు 25,000. పేరు పడనివి అంతకు ఎన్నో రెట్లని ఈ పనిలో ఉన్నవారందరూ ఒప్పుకుంటారు. కేటలాగు ఇప్పుడు కాగితం మీద ఆగలేదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో నాయిస్ కూర్చిన కాల్సిడ్ల సమాచారనిధి కంప్యూటర్‌లో ఎవరికైనా దొరుకుతుంది. డీఎన్ఏ ముక్క చదివి జాతులను విడదీసే పద్ధతి వచ్చింది. దాని దెబ్బకు 2022లో టెరోమాలిడ్లనే ఒక పెద్ద కుటుంబాన్ని ముక్కలు చేసి అనేక కుటుంబాలుగా పంచారు. సుబ్బారావు, హయాత్‌ల పుస్తకంలో సర్దిన అరలు మళ్ళీ సర్దుకోవాలి. 2002 జీవవైవిధ్య చట్టం వచ్చాక మన దేశంలో కొత్తగా పేరు పెట్టిన జాతి నమూనాను ఇక్కడి గుర్తింపు పొందిన భాండాగారంలో దాచడం తప్పనిసరి. కామెరాన్ నాటి సీసాల ప్రయాణాన్ని తలుచుకుంటే ఇది న్యాయమే. అదే చట్టం కింద నమూనాలను పోలిక కోసం బయటి దేశాల నిపుణులకు పంపడం కష్టమైందని నరేంద్రన్‌తో సహా పలువురు 2006లో బహిరంగంగానే అభ్యంతరం చెప్పారు. అదీ న్యాయమే. కందిరీగలకు దేశపు ఎల్లలు లేవని ఏనేసియస్ కథే చెబుతోంది.

పద్దు సాగాలంటే రాసేవాళ్ళు కావాలి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, అత్తాపూర్‌లోని జంతుశాస్త్ర సర్వే కేంద్రం కృష్ణానగర్ నుంచి ఒక బస్సు దూరంలో ఉన్నాయి. బెంగళూరులో వ్యవసాయ కీటకాల జాతీయ బ్యూరో ఉంది. కానీ పురుగును చూసి జాతి చెప్పగలిగే నిపుణులు దేశం మొత్తం మీద కొద్దిమందే మిగిలారు. జంతుశాస్త్రం డిగ్రీ చదివిన పిల్లలు అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సుల్లో చేరుతున్నారు. చేరనివ్వండి. పేర్లు, రద్దయిన పేర్లు, నమూనాలు, ఊళ్ళు, పైర్లు ఒకదానితో ఒకటి ముడిపెట్టే ఈ పనికి ఆ విద్య కూడా కావాలి. కావలసింది వాళ్ళను ఇటు పిలిచే ఉద్యోగం, ఇటు నిలబెట్టే జీతం. ప్రతి వ్యవసాయ కళాశాలలో ఒక్క శాశ్వత వర్గీకరణ శాస్త్రవేత్త పదవి ఉండాలని అడగడం అత్యాశ కాదు.

పాఠకులు చెయ్యగలిగింది కూడా ఉంది. కుండీలో పిండినల్లి కనిపిస్తే మందు కొట్టేముందు గోధుమరంగు పీపాలున్నాయేమో చూడండి. ఉంటే రంధ్రం పడనివి నాలుగు సీసాలో వేసి, బయటికొచ్చినవాటిని చిన్న గొట్టంలో ఆల్కహాల్ పోసి దాచండి. లోపల ఒక కాగితం ముక్క వెయ్యండి. పెన్సిల్‌తో రాయండి, ఇంకు ఆల్కహాల్‌లో చెదిరిపోతుంది. ఊరు, వీధి, తేదీ, మొక్క, ఏ పురుగులోంచి వచ్చింది, ఏరినవారి పేరు. ఈ ఆరూ లేని పురుగు ఏ మ్యూజియానికీ అక్కరకు రాదు. ఇవి ఉన్నది నూరేళ్ళ తర్వాత కూడా సాక్ష్యం చెబుతుంది. మా మందారం మీది మూడు కందిరీగల గొట్టంలో కాగితం మీద మొదటి మాట కృష్ణానగర్.